నమిలి పెట్టిన ముద్ద

ఉదయం ఆరూ నలభై. రాత్రంతా పడిన వాన అప్పుడే వెలిసింది. గాలి లేదు, కిటికీ అద్దం మీద నీళ్ళు ఇంకా జారుతున్నాయి. వంటగదిలో అత్తగారు రొట్టెముక్క కొరికి, మెత్తగా నమిలి, ఆ ముద్దను నాలుగేళ్ళ మనవరాలి నోటికి అందిస్తున్నారు. తిండి దగ్గర పేచీ పెట్టే ఆ పిల్లను ఆవిడ పిచ్చుక అంటారు. మూడు నెలలుగా పిచ్చుక కడుపునొప్పి అంటూ ఏదీ సరిగా తినడం లేదు.

గుమ్మంలో నిలబడిన కోడలు ఆ ముద్దను చూసింది. ముందురోజు సాయంత్రమే పిల్ల పరీక్ష ఫలితం వచ్చింది, కడుపులో బాక్టీరియా ఉందని. ఎంగిలితో అంటుకుని, జీర్ణాశయంలో కాపురం పెట్టి, పుండ్లు పుట్టించి, ఏళ్ళు గడిచాక కొందరికి క్యాన్సర్ కూడా తెచ్చే రకం అది. పదకొండేళ్ళుగా ప్రయోగశాలలో ఆమె టీకా తయారు చేస్తున్నది సరిగ్గా దానికే.

"అత్తయ్యా, ఆపండి."

"గట్టిగా ఉందమ్మాయ్, మింగలేకపోతోంది. మీ ఆయన్నీ ఇలాగే పెంచాను. వాడు మనిషి కాలేదా?"

"ఆ మాట నీ కోడలినే అడుగమ్మా, నాకూ తెలుసుకోవాలని ఉంది," అన్నాడు భర్త, బూట్లు తుడుచుకుంటూ.

కోడలు నవ్వలేదు. "ఆ పురుగును ఆపడానికే నా బతుకంతా ధారపోస్తున్నాను. మీరు నా ఇంట్లోనే, నా బిడ్డకే దాన్ని తినిపించారు."

అత్తగారు చేతిలోని ముద్దను పళ్ళెం అంచున పెట్టి, చెయ్యి కడుక్కున్నారు. ఆ పూట నుంచి ఆవిడ పళ్ళెం, గ్లాసు వేరయ్యాయి. పిచ్చుక కొంగు పట్టి లాగితే, అమ్మ పెడుతుంది వెళ్ళు అని పక్కకు తిరిగేవారు.

మందులు వాడినా మళ్ళీ ఇంట్లోవాళ్ళ నుంచే అంటుకోవచ్చని, అందరూ పరీక్ష చేయించుకోవాలని వైద్యుడు చెప్పాడు. ఒక ద్రావణం తాగి సంచిలోకి ఊపిరి ఊదడమే ఆ పరీక్ష. భర్తకు లేదని తేలింది. అత్తగారికీ లేదని తేలింది. పరీక్షలు ఒక్కోసారి తప్పుతాయని కోడలు అంది. తనది మాత్రం ఉద్యోగంలో చేరినప్పుడే అయిందని, ఏమీ లేదని చెప్పి ఊరుకుంది. ఆ మాట మీద ఎవరూ గుచ్చి అడగలేదు. అంత చదువుకున్న మనిషిని ఎవరడుగుతారు?

నెల తిరగకముందే టీకా ప్రయోగానికి కొత్తగా వచ్చిన ఒక వడ్రంగిని ఆమె ప్రశ్నలు అడుగుతోంది. కడుపు మంటకు మాత్రలు వేసుకుంటున్నారా అన్నది అందరినీ అడిగే ప్రశ్న. వేసుకుంటే ఆ పురుగు అణిగి ఉండి పరీక్షకు దొరకదు. రెండు వారాలు మానేసి రమ్మని పంపాలి. ఆ వాక్యం సగంలో ఉండగా ఆమె చెయ్యి తన తెల్లకోటు జేబు మీద పడింది. జేబులో అవే మాత్రలున్నాయి. చదువుకునే రోజుల నుంచీ ఉన్నాయి. ఉద్యోగంలో చేరి సంచిలోకి ఊదిన రోజునా ఉన్నాయి.

రెండు వారాలు మంటను ఓర్చుకుని ఆమె మళ్ళీ ఊదింది. ఈసారి ఉందని తేలింది. పాలు వేడిగా ఉన్నాయేమోనని తన నోట్లో పెట్టుకుని చూసి, అదే చెంచాతో బిడ్డకు పట్టిన రోజులన్నీ ఒక్కొక్కటిగా కళ్ళముందుకు వచ్చాయి.

ఆ సాయంత్రం అత్తగారు కుట్టుమిషను ముందు కూర్చుని ఉన్నారు. కోడలు కింద కూలబడింది.

"పిల్లకు ఇచ్చింది నేనే, అత్తయ్యా. మీరు కాదు."

అత్తగారు మిషను చక్రం మీద చెయ్యి వేసి ఆపారు. "నీకెవరిచ్చారో మరి."

"చిన్నప్పుడే వచ్చి ఉంటుంది. మా అమ్మ నుంచే కావచ్చు."

"పోయిన మనిషి. ఆవిణ్ణేమంటావు?"

తల్లి తన కోసం నమిలి పెట్టిన ముద్దలు ఎన్నో, వాటిని తానెంత ఇష్టంగా తిన్నదో, ఏ పరికరమూ చెప్పలేదు. అత్తగారి మోకాలి మీద తల ఆనించి వెక్కి వెక్కి ఏడ్చింది. ఆవిడ వేళ్ళు ఆమె జుట్టులోకి వచ్చాయి.

"ఇవాళ పిచ్చుకకు మీరే పెట్టండి," అంది కోడలు చివరికి. "నమలకుండా, మామూలుగానే."

"నీ మీద కోపం లేదమ్మాయ్. నువ్వన్నది నా పట్ల తప్పయింది గాని, నమిలి పెట్టకూడదన్నది నిజమేగా. నా వల్ల రాకపోయినా, రాగలిగేదే. ఆ భయం పట్టుకుంది." అత్తగారు తన అరచేతిని చూసుకున్నారు. "చేతులు రావడం లేదు."

మందులతో తల్లీబిడ్డలిద్దరికీ నయమైంది. టీకా మరో ఏడేళ్ళకు గాని చిన్నపిల్లల మీద ప్రయోగించే దశకు చేరలేదు. అప్పటికి అత్తగారు పోయి మూడేళ్ళు. చివరిదాకా పిచ్చుక ఆవిడ పక్కనే పడుకుంది, ఆవిడ కుట్టిన గౌన్లే తొడుక్కుంది. ఆవిడ మాత్రం మనవరాలికి మళ్ళీ ఒక్క ముద్ద కూడా పెట్టలేదు.