తప్పు ఓవెన్‌ది కాదు

పొద్దున్నే ఆఫీసు చొక్కా ఇస్త్రీ చేసుకుందామని కూతురు వంటింటి ప్లగ్గులో ఇస్త్రీపెట్టె పెట్టింది. రెండు నిమిషాలకే టక్కుమని శబ్దమై వంటింట్లో కరెంటు పోయింది.

"చూశావా, మళ్లీ నీ బ్రేకరే," అన్నారు తండ్రి, పేపర్లోంచి తల ఎత్తకుండా.

వీధి మొత్తానికి ఆయన ఫ్యూజు మామయ్య. ముప్పై అయిదేళ్లు ఇళ్లకు వైరింగు చేసి ఈమధ్యే ఇంటిపట్టున ఉంటున్నారు. కూతురేమో అగ్నిమాపక శాఖ ఆఫీసులో, తగలబడిన ఇళ్ల రిపోర్టులు రాసే ఉద్యోగం. వైర్లలో ఎక్కడ నిప్పురవ్వ లేచినా కరెంటు ఆపేసే ఆ బ్రేకరును కిందటేడు ఆ అమ్మాయే పట్టుబట్టి కొనుక్కొచ్చింది. "అక్కర్లేదే. నేను వైరింగు చేసిన ఇల్లు ఒక్కటైనా తగలబడిందా?" అని గొణుగుతూనే ఆయన దాన్ని బిగించారు.

ఆ వారం నుంచే ఆయన భార్య ఇదే ప్లగ్గులో ఓవెన్ పెట్టినప్పుడల్లా కరెంటు పోయేది. ఆవిడ కేకులు చేసి చుట్టుపక్కల దుకాణాలకు ఇచ్చేది. "పాత డొక్కు ఓవెను. తప్పంతా దాందే, వదిలించుకో," అని ఆయన తీర్పు చెప్పేశారు. ఓవెన్ పోయింది, కేకులు ఆగిపోయాయి, కరెంటు పోవడమూ ఆగింది. తన మాటే నెగ్గిందని ఆయన మీసం దువ్వుకున్నారు.

"దీన్ని పీకేసి మామూలుది పెడతాను," అంటూ ఇప్పుడు లేచారు.

"ఇస్త్రీపెట్టె కొత్తది నాన్నా. ముందు ఆ ప్లగ్గు విప్పి చూడు."

"నాకే నేర్పేంతదానివయ్యావా?" ఆయన అగ్గిమీద గుగ్గిలమయ్యారు.

"ఇల్లు తగలబడ్డ వాళ్లందరూ నాతో ఒకే మాట అంటారు. ఇన్నేళ్లూ బాగానే ఉంది కదమ్మా అని."

ఆ మాట ఆయనకు గట్టిగానే తగిలింది. విసురుగా వెళ్లి మెయిన్ ఆపి, ప్లగ్గు మూత ఊడదీశారు. మాడిన వాసన గుప్పుమంది. వైరు చివర నల్లబడి ఉంది. దాన్ని పట్టి ఉంచాల్సిన స్క్రూ వదులుగా కదులుతోంది. ఆ ప్లగ్గు వేసింది ఆయనే. ఎవరింటికో పరుగెత్తే తొందరలో, మన ఇల్లే కదా, తర్వాత చూసుకోవచ్చులే అనుకున్నారు. ఆ తర్వాత అనేది రానే లేదు.

వెనక్కి చూస్తే ఎవరూ లేరు. వైరు చివర కత్తిరించి, స్క్రూ బిగించి, మూత పెట్టేస్తే అయిదు నిమిషాల పని. ఎవరికీ తెలియదు. చెయ్యి స్క్రూడ్రైవరు దాకా వెళ్లింది కూడా. కానీ ఓవెన్ ఇచ్చేసిన రోజు భార్య ఆ ఖాళీ గట్టును తుడిచిందే తుడవడం కళ్లముందు మెదిలింది. సిగ్గుతో చచ్చిపోయారు.

"ఏమోయ్, ఒకసారి ఇలా రా."

ఆవిడ వచ్చింది, వెనకాలే కూతురూ.

"ఓవెన్ తప్పేమీ లేదు. తప్పు నాది. ఈ స్క్రూ నేనే సరిగా బిగించలేదు. ఆ బ్రేకరు లేకపోతే నువ్వు ఇక్కడ నిలబడి ఉండగానే..."

ఆవిడ వంగి మాడిన వైరును చూసింది.

"ఒక్కసారి ప్లగ్గు విప్పి చూడండి అని అప్పుడే అడిగాను. గుర్తుందా?"

ఆయన తల ఊపారు.

"ఊళ్లో ఎవరు పిలిచినా వెళ్లి, విప్పి చూశాకే మాట చెప్పేవారు. నాకు మాత్రం కుర్చీలోంచే చెప్పేశారు."

ఆవిడ గొంతులో కోపం లేదు. ఉంటే బాగుండుననిపించింది ఆయనకు. స్టూలు మీద కూలబడి, కూతురు చూస్తోందన్న ఇది కూడా లేకుండా ఏడ్చేశారు.

ఆవిడ కాసేపు ఏడవనిచ్చింది. తర్వాత టార్చి తెచ్చి ప్లగ్గు మీదికి వెలుగు పట్టింది.

"లేవండి. ఇదొక్కటే కాదు, నేను చూపించిన ప్రతి ప్లగ్గూ విప్పాలి."

సాయంత్రం దాకా ఆవిడ వేలు పెట్టిన చోటల్లా ఆయన మోకాళ్ల మీద కూర్చుని విప్పారు. అక్కర్లేదన్న మాట ఒక్కసారి కూడా ఆయన నోట రాలేదు.