థెల్మా గాలపు కర్ర

ఏప్రిల్ మొదటి తేదీ. ట్రౌట్ చేపల వేట మొదలయ్యే రోజు. విల్లోవీమాక్ ఏటి ఒడ్డునున్న ఆ ఇంట్లో అప్పుడే కాఫీ కాగింది. పెనం మీద అట్లు కాలుతున్నాయి. ఆరిన్ వాన్ ఏకెన్ బల్ల ముందు కూర్చోబోయి అలాగే నిలబడిపోయాడు.

బల్ల మీద చనిపోయిన తన భార్య థెల్మా గాలపు కర్ర ఉంది. ఆమె తండ్రి వెదురు బద్దలు చెక్కి, అతికించి, కూతురి చేతికి సరిపోయేలా చేసిన కర్ర అది. ఏళ్ల తరబడి ఆమె పట్టుకున్న చోట, బెండు పిడి మీద బొటనవేలి నల్లటి మచ్చ ఉండేది. ఇప్పుడా పిడి కొత్తదానిలా తెల్లగా ఉంది.

“ఎవరు చేశారీ పని?”

కోడలు నోరీన్ పెనం దించి నవ్వుతూ వచ్చింది. ఆమె కాపురానికొచ్చి ఏడాది కూడా కాలేదు.

“నేనే మామయ్యా! గరుకు కాగితంతో రుద్దాను. బాగుంది కదూ? ఇవాళ మీరు ఏటికి తీసుకెళ్తారని...”

“బాగుందా? అది మురికనుకున్నావా? నా థెల్మా చెయ్యి అది! ఇన్నేళ్లూ నేనే దాన్ని ముట్టుకోలేదు. మిగిలిన ఆ కాస్తనీ గీకి పారేశావు!”

నోరీన్ ముఖం పాలిపోయింది. బూట్లు తొడుక్కుంటున్న కొడుకు గారెట్ లేచి వచ్చాడు. “తెలియక చేసింది నాన్నా. దానికింత గొడవా?”

“నువ్వు నోర్ముయ్! తను ఈ ఇంటి మనిషైతే తెలిసేది!”

నోరీన్ కన్నీళ్లు తుడుచుకోకుండానే లోపలికెళ్లి, ఆ కర్ర ఉండే గుడ్డసంచి తెచ్చి ఆయన ముందు పెట్టింది.

“వాసన చూడండి మామయ్యా. దుప్పట్ల కోసం అలమర వెతుకుతుంటే దొరికింది. గోడ చెమ్మకి సంచంతా బూజు. పిడి మీదా పచ్చగా పట్టేసింది. ఇంకో చలికాలం అక్కడే ఉంటే జిగురు వదిలేసి బద్దలు ఊడిపోయేవి. మచ్చ సంగతి నాకెవరు చెప్పారు? అత్తయ్య పేరెత్తితేనే లేచి వెళ్లిపోతారుగా మీరు!”

ఆరిన్ సంచిని ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. గుప్పున బూజు కంపు కొట్టింది. దాచుకుంటున్నాననుకున్నాడు ఇన్నాళ్లూ. కుళ్లబెడుతున్నానని తెలియలేదు.

“కోటు వేసుకో,” అన్నాడు సంచి పక్కన పెట్టి.

“ఎందుకు?”

“ఏటికి. నువ్వూ రా.”

మంచు కరిగి వచ్చిన నీళ్లు కాళ్లను కొరికేస్తున్నాయి. ఆరిన్ ఆమె చేతిలో కర్ర పెట్టి, బొటనవేలు ఎక్కడ ఆనించాలో చూపించాడు. నోరీన్ విసిరిన మొదటి విసురుకే గాలం ఆయన టోపీని ఎగరేసుకుపోయింది. ఆమె హడలిపోయింది. ఆయన నవ్వడం మొదలుపెట్టాడు. నవ్వుతూ నవ్వుతూనే ఏడ్చేశాడు.

“మీ అత్తయ్య కూడా మొదటిరోజు గాలంతో నన్నే పట్టింది,” అన్నాడు కళ్లు తుడుచుకుంటూ. “ఇందాక అనరాని మాట అన్నాను తల్లీ. మనసులో పెట్టుకోకు.”

నోరీన్ ఆయన చెయ్యి గట్టిగా పట్టుకుంది.

ఇంటికొచ్చాక ఆమె పొడిగుడ్డ తీసుకుని కర్ర తుడవడానికి కూర్చుంది. బెండు పిడి మీద ఆమె బొటనవేలి బురద అంటుకుని ఉంది.

“వెదురు మీద తడి లేకుండా తుడిచెయ్. కొత్త సంచి కుట్టించి, గాలి తగిలే చోట వేలాడదీద్దాం,” అన్నాడు ఆరిన్. “పిడి జోలికి మాత్రం పోకు. అలాగే ఉండనీ.”