ఒక్క బెజ్జం లోపలికి

ఆదివారం పొద్దున్నే హాల్లో పాత దుప్పటి పరిచి, రిమోట్ రేసుకారు డొప్ప విప్పి ముందేసుకుని కూర్చుంది కూతురు. రక్తపరీక్షల ల్యాబులో ఉద్యోగం. వారమంతా సూదులు, సీసాలు. సెలవొస్తే మాత్రం ఈ కారే లోకం. ఇంట్లో అందరికీ ఆమె పిచ్చుక.

బస్సుల షెడ్డులో మెకానిక్‌గా రిటైరైన తండ్రి టీ గ్లాసుతో వచ్చి వంగి చూశాడు.

"వెనక షాకుల్ని, అదే షాక్ అబ్జార్బర్లని, కదిపావా?"

"అవును నాన్నా. పైకొసల్ని ఒక బెజ్జం బయటికి జరిపా. ఇప్పుడు నిటారుగా ఉన్నాయిగా, తిప్పగానే చటుక్కున తిరుగుతుంది."

"తోక కూడా జారుతుంది. షాకులు వాలుగా ఉంటేనే వెనక చక్రాలకు పట్టు. నా మాట విను."

"జారుతుందని తెలుసు. దానికి తగ్గట్టే ప్రాక్టీసు చేస్తున్నా. ఈరోజు ఫైనల్, ముట్టుకోకు సుమా!" నవ్వుతూ స్నానానికి వెళ్లింది.

ఆయన చెయ్యి ఊరుకోలేదు. షాకుల పైకొసల్ని లోపలి బెజ్జంలోకి మార్చి బిగించాడు. పైన డొప్ప తొడిగి, కారును పెట్టెలో సర్దేశాడు.

గుమ్మంలోంచి భార్య చూసింది. "దానికి చెప్పే చేస్తున్నారా?"

"గెలిచాక చెబుతాలే."

ట్రాకు చేరేసరికి ఆలస్యమైంది. పెట్టెలోంచి తీసిన కారును నేరుగా పోటీకి పెట్టింది పిచ్చుక. ఇరుకు మలుపులో ఆమె తిప్పింది, కారు తిరగలేదు. బారుగా వెళ్లి పక్క చెక్కను గుద్దుకుంది. మరుసటి చుట్టులోనూ అంతే. అందరికంటే చివర మిగిలింది.

ఇంటికి వచ్చే దారిలో తన అరచేతుల్నే చూసుకుంటూ అంది: "నా చేతుల్లోనే ఏదో తేడా వచ్చింది నాన్నా. మొన్న ల్యాబులో ఒక పెద్దావిడకి నరం దొరకలేదు. రెండుసార్లు పొడిచాను."

స్టీరింగు పట్టుకున్న ఆయన రోడ్డు మీంచి చూపు తిప్పలేదు. "అలసిపోయావమ్మా, అంతే."

ఇంటికి రాగానే కారు పెట్టెను అటక మీదికి ఎత్తబోయింది. "ఇక చాలమ్మా. రేపు సూపర్‌వైజర్నడిగి రిసెప్షన్‌లో కూర్చుంటా. ఈ చేతులతో సూది పట్టను."

తల్లి చేతిలోని గిన్నె ఠక్కున కింద పెట్టింది. "ఏమండీ, మీరు చెబుతారా, నన్ను చెప్పమంటారా?"

"ఏంటమ్మా?" అంది పిచ్చుక.

ఆయన పెట్టె వైపు చూపించాడు. "షాకుల్ని లోపలికి జరిపాను. నువ్వు స్నానానికి వెళ్లినప్పుడు."

పిచ్చుక పెట్టె దింపి, డొప్ప తీసి చూసింది.

"ఓడిపోయినందుకు కాదు నాన్నా. దారంతా నా చేతుల్ని నేను తిట్టుకుంటుంటే పక్కనే కూర్చుని విన్నావు. అలసిపోయావన్నావు."

ఆయన షెడ్డులో ఎన్ని బస్సులు విప్పినా, నడిపినవాణ్ణి అడక్కుండా ఏనాడూ ఒక్క నట్టు తిప్పలేదు. బండి ఎటు లాగుతోందో, ఎక్కడ ఊగుతోందో డ్రైవరు చెబితే ఓపిగ్గా వినేవాడు. కన్నకూతురు చెబితే మాత్రం వినలేదు.

"నీ మంచికే అనుకున్నానమ్మా. నిజానికి నిన్ను నమ్మలేదు" అన్నాడు నేలచూపులు చూస్తూ.

పిచ్చుక స్క్రూడ్రైవర్ తీసుకుని షాకుల్ని మళ్లీ బయటి బెజ్జంలో బిగించింది. "చెప్పులేసుకుని రా" అంది పొడిగా.

వీధిలో ఎవరూ లేరు. కారు గోడవారగా దూసుకెళ్లి, కరెంటు స్తంభం దగ్గర గిర్రున తిరిగింది. తోక జారింది. ఆయన కాలు దానంతటదే లేని బ్రేకును తొక్కింది. ఆమె వేళ్లు మాత్రం తొణకలేదు. జారిన తోకను అలాగే ఆపి, కారును సూటిగా వెనక్కి తెచ్చింది.

పొద్దున అంతమంది చూడాల్సిన మలుపు అది. ఇప్పుడు ఖాళీ వీధిలో తనొక్కడే చూస్తున్నాడు. ఆయనకు కళ్లు మసకబారాయి.

"ఏడిస్తే ఏం కనబడుతుంది నాన్నా?" అంది కూతురు. "కళ్లు తుడుచుకో. ఇంకోసారి తిప్పుతా."