రేకుల కింద కెమెరా

ఫిషింగ్ హార్బర్లో ఐసు ఫ్యాక్టరీ దాటేక ఎడమ చేతివైపు గవర్రాజు గారి వలల షెడ్డు ఉంది. షెడ్డు ముందు రేకుల వసారా. పగలంతా అక్కడ పదిమంది చేరి వలలు బాగుచేసుకుంటారు, చుట్టలు కాల్చుకుంటారు, ఊళ్ళో ఒక్కణ్ణీ వదలకుండా మాటలు చెప్పుకుంటారు. దీపాలు పెట్టే వేళయ్యిందంటే మాత్రం... ఒక్క మనిషి ఉండీవోడు కాదు. కుక్కలు కూడా చుట్టు తిరిగి పోయీవి.

ఇది రెండువేల ఏడు, ఎనిమిది నాటి మాట.

రాత్రి మూలన పెట్టిన స్టూలు తెల్లారేసరికి వసారా మధ్యలోకి వచ్చి ఉంటాదని చెప్పుకునీవోరు. ఎవరో తువ్వాలు దులిపినట్టు చప్పుడవుతాదని చెప్పుకునీవోరు. కొత్తగా పెట్టిన వాచ్‌మెన్ ఒకడు రెండో రాత్రే అచ్యుతాపురం పారిపోయేడు. చెప్పులు అక్కడే వదిలేసి మరీ పోయేడు.

నాను ఇలాంటివి నమ్మేవాణ్ణి కాదు. ముప్పై ఏళ్ళు కరెంటు పని చేసేను. నా అనుభవంలో దెయ్యాలు సగం ఎర్తింగు సరిగ్గా లేకపోవడం వల్ల వస్తాయి, సగం మందు ఎక్కువవడం వల్ల వస్తాయి.

కానీ ఈ సంగతి నాకు చెప్పింది నా బామ్మర్ది ఉమామహేష్. వాడికి డ్రిల్లు పట్టడం నేర్పింది నానే. వాడు అబద్ధం ఆడే మనిషి కాదు. ఒక్కసారి ఆడేడు... ఆ ఒక్కసారితోనే ఇదంతా వచ్చింది.

అప్పట్లో కెమెరాలంటే ఇంకా కొత్త. మావోడు కూర్మన్నపాలెం జంక్షన్లో చిన్న కొట్టు తెరిచేడు. మొదటి పెద్ద పని గవర్రాజు గారిదే. ఆయనకి నాలుగు బోట్లు. బోటు వెనకాల నీళ్ళలో తిరిగే ఇత్తడి ఫ్యానులుంటాయి కదా, షెడ్డు పక్కన పెట్టినవి ఏడాదిలో రెండు మాయమైపోయేయి. అనుమానం ఎవరి మీదికి పోతాది? వాచ్‌మెన్ మీదికే.

వాచ్‌మెన్ పేరు పైడయ్య. ఇరవై ఏళ్ళ నుంచి ఆ వసారాలోనే కాపలా. ఆ ఇరవై ఏళ్ళలో ఒక్క తాడు ముక్క ఇంటికి పట్టుకెళ్ళిన మనిషి కాదంట. గవర్రాజు గారు ఆయన్ని పిలిచి, కెమెరా పెట్టిస్తన్నాను, నువ్వు కాకపోతే అదే చెబుతాది అన్నారు. ఇంకొకడైతే ముఖం మాడ్చుకునీవోడు. పైడయ్య మాత్రం పండగ వచ్చినట్టు సంబరపడిపోయేడు. తన మంచిపేరుకి ఒక సాక్షి వస్తందని ఆయన ఆశ.

డోమ్ కెమెరాల్లో రెండు రకాలు. లోపల పెట్టేది ఒకటి... పల్చటి ప్లాస్టిక్ గిన్నె బోర్లించినట్టు ఉంటాది, సీలింగుకి అంటించేయడమే. బయట పెట్టేది ఇంకొకటి... దానికి ఇనప డొప్ప, చుట్టూ రబ్బరు రింగు, నీళ్ళు కాదు కదా చెమ్మ కూడా దూరదు. మావోడి కొట్లో ఉన్నది లోపలిదే. బయటిది కావాలంటే మద్రాసు నుంచి రావాలి, పది రోజులు పడతాది. గవర్రాజు గారేమో ఇవాళే పెట్టీమంటన్నారు.

మావోడు తలెత్తి చూసేడు. పైన రేకులున్నాయి. వాన పడదు. అంటే లోపల కిందే లెక్క అనుకున్నాడు.

వసారా లోపలా, బయటా? మీరే చెప్పండి. చుట్టానికి మంచం వేస్తే లోపలంటాం, కుక్క పడుకుంటే బయటంటాం. మనకి ఏది వీలైతే అది.

అక్కడున్న స్టూలుకి ఒక కాలు పొట్టి. మావోడు ఎక్కబోతే అది టక్కుమని ఒరిగింది. పైడయ్య వచ్చి గొంతుక్కూర్చుని, రెండు చేతులతో స్టూలు కాళ్ళు గట్టిగా పట్టుకున్నాడు.

"ఎక్కు బాబూ. నాను పట్టుకున్నాను."

మావోడు ఎక్కి స్క్రూలు బిగిస్తంటే కింద నుంచి అడిగేడంట.

"ఇది లోపల పెట్టీదా బాబూ, బయట పెట్టీదా?"

"రేకులున్నాయి కదా తాతా."

"రేకులు వానకి గదా అడ్డు. ఉప్పుగాలికేటి అడ్డు?"

మావోడు నవ్వేసి ఆఖరి స్క్రూ బిగించేసేడు.

ఇరవై రోజులు బాగానే ఉంది. తర్వాత సముద్రం మీద నుంచి వచ్చిన చెమ్మ ఆ గిన్నె మీద పట్టడం మొదలెట్టింది. రాత్రయ్యేసరికి ఆఫీసు గదిలో కెమెరా బొమ్మ పడే టీవీ నిండా తెలుపు. పైడయ్య కిటికీలోంచి చూసేడు. ఇది నన్ను చూడకపోతే రేపు నా గురించి ఏం చెబుతాది అనుకున్నాడు పాపం. అప్పట్నుంచి రోజూ రాత్రి రెండుసార్లు స్టూలెక్కి, భుజమ్మీది తువ్వాలుతో కెమెరా తుడిచీవోడు. హార్బర్లో ఎవరికీ చెప్పలేదు. అది కూడా తన డ్యూటీయే అనుకున్నాడు.

ఆ నెలాఖరుకి మూడో ఫ్యాను పోయింది.

అందరూ టీవీ ముందు నిలబడ్డారు. రికార్డింగు తిప్పేరు. ముందు తెల్లటి మసక... తర్వాత ఒక చెయ్యి... చేతిలో గుడ్డ. ఆ గుడ్డ కెమెరాని కప్పేసింది. తీసేసరికి ఉప్పు అలుక్కుపోయి, తెల్లారేవరకూ మసకే.

కెమెరాకి గుడ్డ కప్పి పని కానిచ్చేడన్నారు జనం. తుడిచేను బాబూ, ఆవిరి పడితే తుడిచేను అని పైడయ్య నలుగురికీ నాలుగుసార్లు చెప్పేడు. గవర్రాజు గారు చెడ్డ మనిషేం కాదు. ఒక్కసారి కనుక్కుందామని మావోణ్ణి పిలిపించేరు. పదిమంది ముందు ఆ వసారాలోనే అడిగేరు — నీ కెమెరాకి ఆవిరి పడతాదా అని.

పైడయ్య మావోడి వైపు తిరిగేడు. ఆయన ముఖంలో భయం లేదంట. ఇక గండం గడిచిపోయినట్టే ఉన్నాడంట.

"సెప్పు బాబూ. నీకు తెలుసు గదా."

మావోడికి తెలుసు. తెలియక కాదు. కానీ అక్కడ ఇంకో నలుగురు బోట్ల ఓనర్లు నిలబడి ఉన్నారు. అందరూ కెమెరాలు పెట్టిద్దామని చూస్తన్నారు. ఆవిరి పడతాదంటే, పెట్టకూడని చోట పెట్టకూడని కెమెరా పెట్టేనని పదిమందిలో ఒప్పుకున్నట్టే.

"పట్టదండి," అన్నాడు.

ఒక్క మాట. కాలు జారితే తీసుకోవచ్చు గానీ నోరు జారితే తీసుకోలేం అంటారు. మా వెధవకి ఆ సామెత చిన్నప్పుడు వాళ్ళమ్మ నేర్పలేదో, నేర్చుకుని మరిచిపోయేడో.

 పైడయ్య భుజమ్మీది తువ్వాలు తీసి మడత పెట్టుకుని, అన్నం క్యారేజీ పట్టుకుని వెళ్ళిపోయేడు. పోలీసుల దాకా పోలేదు గానీ, హార్బరు హార్బరంతా ఫ్యాను దొంగ అని పేరు పెట్టేసింది. జాలారిపేటలో వాళ్ళ గుమ్మంలో కూర్చునీవోడంట, తిండి సరిగ్గా తినీవోడు కాదంట. మూడో నెలలో పోయేడు. కబురు తెలిసి కూడా మావోడు వెళ్ళలేదు. వెళ్ళే ముఖం లేదు.

అదిగో — అప్పట్నుంచి ఆ వసారా చెడింది.

నిజానికి ఆ పాటికి కెమెరా పూర్తిగా గుడ్డిదైపోవాలి. ఎవరూ తుడవట్లేదు కదా. కానీ కొత్త వాచ్‌మెన్ ఒక రాత్రి టీవీ చూస్తంటే... తెరంతా తెలుపు. ఆ తెలుపులో నెమ్మదిగా ఒక చార. పలక తుడిచినట్టు. దాని పక్కన ఇంకో చార. వాడు లైటు పట్టుకుని వసారాలోకి పరిగెత్తేడు. ఎవరూ లేరు. స్టూలు మాత్రం కెమెరా కిందే ఉంది. వాడే అచ్యుతాపురం పారిపోయింది.

గవర్రాజు గారు మావోడికి ఫోన్ చేసి, నీ కెమెరాకేదో పట్టింది, మార్చీ అన్నారు. ఈసారి మావోడు మద్రాసు నుంచి బయట పెట్టేదే తెప్పించేడు. చేతులు కాలేక ఆకులు పట్టుకోవడమంటే ఇదే.

నవంబరు. వాయుగుండం పట్టి రెండ్రోజుల్నుంచి ఒకటే జల్లు. బస్సులు లేటయ్యి, మావోడు వెళ్ళేసరికి హార్బర్లో దీపాలు వెలిగిపోయేయి. అప్పటి వాచ్‌మెన్ సన్యాసిరాజు తాళం తీసిచ్చి, పనయ్యేక పిలు, నాను టీ కొట్టు దగ్గరుంటాను అని గొడుగేసుకుని పోయేడు. మావోడొక్కడే మిగిలేడు.

స్టూలు కెమెరా కిందే ఉంది. వాడు పెట్టలేదు... అక్కడే ఉంది.

ఒక కాలు పెట్టేడు. టక్... ఒరిగింది. దిగి, పొట్టి కాలు కింద పెట్టడానికి అట్టముక్క కోసం వెతికేడు. ఎక్కడా లేదు. సరే, ఏదైతే అదవుతాదని మళ్ళీ ఎక్కేడు.

ఈసారి ఒరగలేదు.

గాలికి రేకులు దడదడలాడతన్నాయి. వాడు ఒక పక్కకి వాలి, ఒంటికాలి మీద బరువేసి స్క్రూడ్రైవరు తిప్పుతన్నాడు. స్టూలు భూమిలో పాతినట్టు ఉండిపోయింది.

"కిందకి ఎందుకు చూళ్ళేదురా?" అని అడిగేను నాను.

"చూడాలనిపించలేదు బావా," అన్నాడు.

స్క్రూలు తుప్పు పట్టి ఒక్కటీ కదల్లేదు. కోసి తీయాల్సొచ్చింది. అంటే... తను బిగించేక వాటినెవరూ విప్పలేదు. గిన్నె ఊడదీసి లైటు కింద పట్టుకున్నాడు. బయటి వైపు ఉప్పు పొరలా పేరుకుని ఉంది, ఎవరూ ముట్టుకున్న గుర్తు లేదు.

లోపలి వైపు ఆవిరి పట్టి ఉంది. ఆ ఆవిరిలో... నాలుగు వేళ్ళ చారలు.

లోపలి వైపు.

వాడు గిన్నె తీసి కింద పెట్టేసేడు. అయినా పని ఆపలేదు. కొత్త కెమెరా బిగించి, గబగబా ఆఫీసు గదిలోకి వెళ్ళి తలుపేసుకున్నాడు. టీవీ పెట్టేడు. బొమ్మ అద్దంలా ఉంది. వసారా, తడి నేల, మధ్యలో స్టూలు. ఇంకెవరూ లేరు. అమ్మయ్య అనుకున్నాడు.

రికార్డింగు పడతందో లేదో చూద్దామని వెనక్కి తిప్పేడు. కొంచెం ఎక్కువ తిరిగిపోయింది... పాత కెమెరా ఆఖరి నిమిషాలొచ్చేయి.

తెలుపు.

తర్వాత ఒక చార... ఇంకోటి... మధ్యలో బెత్తెడు చోటు శుభ్రంగా తేటపడింది. అందులో తన భుజం, తన స్క్రూడ్రైవరు. ఆ భుజం పక్కనుంచి కింద... స్టూలు దగ్గర...

గొంతుక్కూర్చుని ఉన్నాడు. భుజమ్మీద తువ్వాలు. రెండు చేతులతో స్టూలు కాళ్ళు పట్టుకుని, తలెత్తి చూస్తన్నాడు. కెమెరాని కాదు, మావోణ్ణి. పిల్లాడు ఎత్తుమీదికెక్కితే పడిపోతాడేమోనని పెద్దాళ్ళు చూస్తారే, అలాగ.

ఇక్కడికొచ్చేసరికి నాను వాణ్ణి మధ్యలో ఆపేను. కోపంగా ఉన్నాడా అని అడిగేను.

మావోడు ఏడ్చేసేడు.

"కోపంగా ఉంటే బాగుండును బావా."

ఆ జల్లులోనే నడుచుకుంటూ జాలారిపేట పోయేడంట. పైడయ్య పెళ్ళాం గంగాలమ్మ గుమ్మంలో దీపం పెట్టుకుని కూర్చుని ఉంది. ఆవిరి పడతాదమ్మా, నాను అబద్ధమాడేను అని ఆమె కాళ్ళ దగ్గర కూర్చుండిపోయేడు. ఆమె తిట్టలేదు, గొంతు కూడా పెంచలేదు. ఆయన రోజూ కెమెరా తుడిచిన సంగతి చెప్పింది.

"నాకు తెలుసు బాబూ. ఆడి తువ్వాలు రోజూ నానే ఉతికీదాన్ని. ఉప్పు కట్టీసి ఉండీది."

దీపం ఒత్తి ఎగదోసి మళ్ళీ అంది.

"నాకు సెప్పి ఏటి లాభం? పదిమందిలో అన్నావు. పదిమందిలోనే సెప్పు."

మర్నాడు పొద్దున్న, చేపల వేలంపాటకి అందరూ వచ్చిన వేళ, అదే వసారాలో నిలబడి మావోడు చెప్పేసేడు. ఏ కెమెరా పెట్టాలో, ఏది పెట్టేడో, అడిగితే ఏమన్నాడో... అంతా. గవర్రాజు గారు తల పట్టుకుని అక్కడే కూలబడ్డారు. ఆ సాయంత్రం ఆయనే గంగాలమ్మ ఇంటికెళ్ళి చేతులు జోడించేరంట. మావోడికి మళ్ళీ హార్బర్లో ఒక్క పని రాలేదు. పోతే పోయింది. నాకు వాడి మీద కోపం తగ్గింది మాత్రం ఆ రోజే.

ఆ రికార్డింగు అందరూ కలిసి తిప్పి చూసేరు. తెలుపు తప్ప ఏమీ లేదు.

ఆ రోజు నుంచి స్టూలు మూలన పెడితే మూలనే ఉంటంది. సన్యాసిరాజు ఇప్పటికీ అక్కడే హాయిగా నిద్రపోతన్నాడు. తాత శాంతించేడన్నారు అందరూ. నాను మాత్రం నా మాట మార్చలేదు. ఆవిరి చుక్క కట్టి జారితే చారలు పడవా? తప్పు చేసిన కళ్ళకి లేనిపోనివి కనిపించవా? అలాగే చెప్పుకుంటూ వచ్చేను.

మొన్న వేసవి దాకా.

మా ఇంటి వసారాలో కెమెరా పెట్టడానికి మావోడు వచ్చేడు. మిట్టమధ్యాహ్నం, ఎండ పేలిపోతంది. బయట పెట్టేదే తెచ్చేడు. పైన శ్లాబు ఉంది కదరా, లోపలిది సరిపోదా అని ఉడికించేను. వాడు నవ్వలేదు. మా వసారా గచ్చు ఎగుడుదిగుడు. స్టూలు వేస్తే పక్కకి ఒరిగింది. పడిపోతాడేమోనని పట్టుకోడానికి వంగేను.

"వద్దు బావా," అన్నాడు నెమ్మదిగా. "పట్టుకున్నాడు."

ఎక్కేడు. స్టూలు కదల్లేదు.

నాను ఇంట్లోకి పోయి, పనయ్యేవరకూ గుమ్మం దాటి బయటికి రాలేదు.