కుదుపు లేని కారు

"ఈ కారు మీరు కొనొద్దండి," అన్నాడు కారు అమ్ముతున్న అభిజిత్.

అమూల్య ఆశ్చర్యంగా చూసింది. బుకిట్ బటోక్‌లో అతని ఫ్లాట్ పక్కనున్న కార్ పార్క్‌లో నిలబడి ఉన్నారిద్దరూ. మోకాలి ఆపరేషన్ అయిన తండ్రి సీతారామారావుని ఫిజియోథెరపీకి తిప్పడానికి ఆమెకి తక్కువలో ఒక సెకండ్ హ్యాండ్ కారు కావాలి. ఈ తెల్లటి చిన్న బండి చూడగానే నచ్చేసింది.

"ఎవరైనా ఎక్కువిస్తామన్నారా? అదే చెప్పండి, వెళ్ళిపోతాను."

"అది కాదండీ. వేడెక్కాక గేరు మారేటప్పుడు కుదుపుతోంది. మీరేమో నాన్నగారి మోకాలంటున్నారు."

"ఆన్‌లైన్‌లో పెట్టినప్పుడు రాయలేదే?"

"నిన్ననే మొదలైంది."

ఆమె నమ్మలేదు. తాళం తీసుకుని తనే నడిపింది. కాసేపటికి ఎత్తు రోడ్డు ఎక్కుతుంటే కారు ఒక్క కుదుపు కుదిపింది. పక్క సీట్లో ఉన్న అభిజిత్ చేతి కప్పులోని కాఫీ సగం అతని చొక్కా మీదికొచ్చింది.

"ఇప్పుడు నమ్మారా?"

"సారీ అండీ," అంది నవ్వాపుకోలేక. "ఇంకో కారు చూడ్డానికి నాతో వస్తారా? మీలా నిజం చెప్పేవాళ్ళు నాకు దొరకరు."

ఆ తర్వాత శనివారాలన్నీ పాత కార్ల మధ్యే గడిచాయి. అతను టైర్లు ఒకవైపే అరిగాయేమో వంగి చూసేవాడు. సర్వీస్ రికార్డు అడిగేవాడు. "ఇంజన్ ముందే వేడిచేసి పెట్టారంటే ఏదో దాస్తున్నారేమో అనుకోవాలి," అనేవాడు. ఆమె ఏసీ వేసి వాసన చూసేది. ఒక కారులో గుప్పుమన్న దురియన్ పండు కంపుకి ఇద్దరూ ఒకేసారి బయటికి దూకారు.

చివరికి ఆంగ్ మో కియోలో ఒక బండి వర్క్‌షాప్ పరీక్షలన్నీ నెగ్గింది. సంతకం పెడుతుంటే మాత్రం అమూల్యకి దిగులేసింది. ఇక ఇతన్ని పిలవడానికి సాకేముంది?

రెండు వారాలు ఆగి ఫోన్ చేసింది. "కారులో ఏదో సౌండ్ వస్తోందండీ."

అభిజిత్ వానలో తడుస్తూ వచ్చాడు. వెనక సీట్లో సీతారామారావు ఫిజియోథెరపీకి వెళ్ళడానికి సిద్ధంగా కూర్చుని ఉన్నాడు. అమూల్య ముందు సీట్లో కూర్చోగానే అభిజిత్ కారు బయల్దేరదీసి, ఏసీ ఆపి, చెవులు రిక్కించాడు.

"ఏ సౌండూ లేదే. ఎప్పుడొస్తుంది?"

అమూల్య కిటికీ అద్దం మీద జారుతున్న చినుకుల్ని చూసింది. "రాదు. అలా అంటే మీరొస్తారని."

కారు నెమ్మదించింది.

"కారెలా ఉందని రోజూ మెసేజ్ టైప్ చేసి చెరిపేస్తున్నాను," అన్నాడతను. "అడగాలనుకున్నది కారు గురించి కాదు. మీరంటే నాకు చాలా ఇష్టం."

"నాకూ," అందామె మెల్లగా.

వెనక నుంచి దగ్గు వినిపించింది. ఇద్దరూ ఉలిక్కిపడ్డారు.

"అబ్బాయ్, నా మోకాలే బాగాలేదు. చెవులు బాగానే ఉన్నాయి," అన్నాడు సీతారామారావు. "ముందు రోడ్డు చూసి నడుపు. దిగాక మీ అమ్మగారి నంబరివ్వు, నేను మాట్లాడతాను."