పనికా, పెండ్లికా?

రామకుప్పంలో బస్సు దిగీ దిగకముందే వాన పట్టుకుంది. గొడుగు తెచ్చింది నేనే. దాన్ని బస్సులో మరిచిపోయిందీ నేనే. మా రాణి నా వైపు ఒక చూపు చూసి, కొంగు నెత్తిన వేసుకుని నల్లప్ప టీ అంగడి చూరు కిందికి పరుగెత్తింది.

రెడ్డిరాణి నా కూతురు. మదనపల్లెలో ఒక మోటారు పంపుల కంపెనీలో టైపిస్టు. ఆ కంపెనీ ఓనరు గోపాలస్వామిగారికి ఒక పట్టుదల ఉండేది. మెకానిక్కును పనిలోకి తీసుకునే ముందు అతని ఊరికి మనిషిని పంపి గుణం విచారించాలి. మగవాళ్ళు ఊర్లో లేనప్పుడు కూడా మెకానిక్కు రైతుల ఇళ్ళకు పోతాడు, ఎట్లాంటివాడో తెలియకుండా ఎట్లా పంపేదని ఆయన మాట. ఎప్పుడూ పోయే గుమాస్తా కామెర్లతో పడుకుంటే ఆ సారి పని రాణి మీద పడింది. పెండ్లి కావలసిన పిల్ల. కుప్పం పక్కకు ఒంటరిగా పోవడం. బస్సు బోల్తా పడితే? ఆ పక్క చేలల్లోకి ఏనుగులు దిగుతున్నాయని ఎనభై నాలుగులో ఎవరి నోట విన్నా అదే మాట. నేనూ బయలుదేరాను.

విచారించాల్సింది చెంగల్రాయుడు అనే అబ్బాయిని. కంపెనీ నుంచి వచ్చామని రాణి నల్లప్పకు చెప్పింది. ఆయన నన్ను చూశాడు, రాణిని చూశాడు, నవ్వు దాచుకుని సరేనన్నాడు.

మా పక్క పెండ్లి విచారణకు వచ్చేవాళ్ళెవరూ పెండ్లికని చెప్పరు. ఆవును కొనడానికనో, చుట్టాల ఇల్లు వెతుకుతున్నామనో అంటారు. చెప్పేవాళ్ళు కూడా ఒకరి సంబంధం చెడగొట్టిన పాపం మనకెందుకని మంచి తప్ప మాట్లాడరు. తల్లీకూతుళ్ళు కలిసి వచ్చి అబ్బాయి గుణం అడిగితే నల్లప్ప మాత్రం ఇంకేమనుకుంటాడు? అడగకుండానే ఇంటిపేరు, గోత్రం చెప్పాడు. బీడీ తాగడన్నాడు. కల్లు ముట్టడన్నాడు. తల్లి వెంకటమ్మ మాటకు ఎదురు చెప్పడన్నాడు.

"అంత మంచోడైతే ముందు పని యాల వదిలిపెట్టినాడప్పా?" అని అడిగాను.

"పుంగనూరు నీళ్ళు పిలకాయకు పడలేదమ్మా" అన్నాడు.

ఊరు ఊరంతా తాగే నీళ్ళు ఇతనికొక్కడికే పడలేదట. నాకు అప్పుడే అనుమానం మొదలయింది. రాణి అంతా రాసుకుని, పెన్ను కొన పళ్ళ మధ్య పెట్టుకుని, ఇంత మంచివాళ్ళు భూమ్మీద ఉంటారా అని నా చెవిలో అడిగింది.

ఇంతలో అతనే వచ్చాడు. పెండ్లివాళ్ళు వచ్చారని ఎవరో పోయి చెప్పినట్టున్నారు. నెత్తిన గోనెసంచి, మోకాళ్ళ దాకా బురద, పొడుగు మనిషి. రాణిని చూసింది ఒకసారే. కానీ ఆ ఒకసారి నల్లప్ప టీ వడగట్టి గ్లాసులు నింపేదాకా సాగింది. రాణి కూడా పెన్ను నోట్లోంచి తీయడం మరిచిపోయింది. నేను దగ్గాను.

రాణి ఏదో చెప్పబోయింది. అతను చెప్పనివ్వలేదు.

"ముందు నన్ను చెప్పనీండి. ఇంగ కాసేపుంటే నాకు ధైర్యం చాలదు. పుంగనూరు నూనె మిల్లులో మేస్త్రిని చెంప మీద కొట్టినాను. అందుకే పంపించేసినారు. ఇప్పుడు మదనపల్లెలో ఒక కంపెనీకి రాసినా. వాళ్ళు అడగలేదు, నేనూ చెప్పలేదు. మీ బిడ్డకు మాత్రం దాచకూడదు. రేపు ఒకే ఇంట్లో బతకాల్సిన మనిషి."

రాణి ముఖం పాలిపోయింది. తాను ఆ కంపెనీ టైపిస్టునే అని నేల చూస్తూ చెప్పింది.

అతను ఆమె చేతిలో కాగితం వైపు చూశాడు. "విచారణకు ఆడమనిషిని పంపుతారని నాకేం తెలుసు" అన్నాడు. కోపం కూడా లేదు ఆ గొంతులో. "రాసుకోండి." నెత్తి మీది గోనెసంచి తీసి బల్ల మీద పెట్టి, బస్సు దాకా తడవకుండా పొమ్మని చెప్పి వానలోకి దిగిపోయాడు.

తిరుగు బస్సులో రాణి ఆ మాట రాయలేదు. రాసినది చింపనూ లేదు. రాస్తే అబ్బాయికి పని పోతుంది. రాయకపోతే, రేపు ఎవరింట్లోనైనా చెయ్యెత్తితే ఆ పాపం రాణిది. రాసేయమన్నాను. కాసేపటికి వద్దన్నాను, వాళ్ళమ్మ ఉసురు మనకెందుకని. పలమనేరు వచ్చేసరికి రెండు మాటలూ అరిగిపోయాయి. రాణి కిటికీ రెక్క ఎత్తుతుంది, దించుతుంది, మళ్ళీ ఎత్తుతుంది. పుంగనూరులో బస్సు ఆగగానే, దెబ్బ తిన్న మనిషిని అడగకుండా రిపోర్టు ఎట్లా ఇస్తానంటూ దిగిపోయింది. నేను సంచి పట్టుకుని వెనకాలే ఉరికాను.

ఆ మిల్లు మేస్త్రి బాబు సాహెబ్. శనక్కాయ పొట్టు దుమ్ములో స్టూలు మీద కూర్చుని మేము అడిగింది విన్నాడు. తెల్లగడ్డం నిమురుకున్నాడు.

"పనికా, పెండ్లికా? పెండ్లికైతే ఒక మాట చెప్తా, పనికైతే ఒక మాట చెప్తా."

రాణి తల వంచుకుంది. "రెండిటికీ ఒకటే మాట చెప్పండి సాహెబ్."

కన్నతల్లిని పక్కన పెట్టుకుని, ఒక్క పూట చూసిన మనిషి కోసం అడిగే మాటా అది?

సాహెబ్ నవ్వలేదు. మిషన్ బెల్టు తెగి పని ఆగిన రోజు, తానే చెంగల్రాయుడిని అందరి ముందు తల్లిని కలిపి తిట్టాడట. ఆ అబ్బాయి కొట్టాడు. మరుసటి రోజు వచ్చి, అంతమంది ముందే తప్పయిందన్నాడు. అప్పటికే పనిలోంచి తీసేశారు.

"కొట్టింది తప్పే. నేను తిట్టింది గూడా తప్పే. నా తప్పుకు నన్ను ఎవరూ పంపించలేదమ్మా" అన్నాడు.

రాణి అంతా రాసింది, ఆ చివరి మాటతో సహా. రిపోర్టు చదివి గోపాలస్వామిగారు చాలాసేపు కళ్ళద్దాలు తుడుచుకున్నారట. ఇన్నాళ్ళూ తన దగ్గరికి వచ్చిన రిపోర్టులన్నీ దేవుళ్ళవే, ఇది ఒక్కటే మనిషిది అన్నారట. ఆరు నెలల ప్రొబేషన్ మీద తీసుకున్నారు.

చెంగల్రాయుడు వస్తాడో రాడో తెలియదు. ఆ రోజుల్లో రాణి పోస్టుమాన్ సైకిలు గంట విన్నప్పుడల్లా వాకిట్లోకి వచ్చేది. అన్నం కెలికి వదిలేసేది. ఈ పిల్లకూ కామెర్లు సోకాయేమోనని నేను రోజూ దాని కంటి రెప్పలెత్తి చూసేదాన్ని.

వచ్చాడు. నేను మధ్యాహ్నం క్యారియరు తీసుకుని ఆఫీసుకు పోయేసరికి రాణి బల్ల ముందు నిలబడి ఉన్నాడు. రాణి ఆర్డరు కాగితం ఇచ్చింది. మడిచి జేబులో పెట్టుకున్నాడు. కదలలేదు.

"ఇది ఆఫీసు జవాబు. ఆ పొద్దు నేను చెప్పింది ఆఫీసుకు కాదు."

రాణి కాగితం పెట్టకుండానే మిషన్ మీద ఏవో అక్షరాలు టకటకా కొట్టింది. ఇక నేను ఉండబట్టలేకపోయాను.

"కోపమొస్తే నా బిడ్డ మీద చెయ్యెత్తుతావా అప్పా?"

అతను వెంటనే జవాబివ్వలేదు. అదే నాకు కొంచెం నచ్చింది.

"ఎత్తనని చెప్తే మీరెట్లా నమ్మేదమ్మా? సాహెబును కొట్టినాక, ఆ చేత్తో ముద్ద ఎత్తేదానికి నాకే అసహ్యమేసింది. నేను చెప్పగలిగేది అంతే. కంపెనీ ఆర్నెల్లు చూస్తానంటాంది. మీరూ చూడండి. మా ఊర్లో అడగండి, ఈడ అడగండి, యాడైనా అడగండి."

ఆరు నెలలు. నాకు ప్రాణం కుదుటపడింది. ఆరు నెలల్లో ఎంతమందినైనా విచారించవచ్చు. వాళ్ళింట్లో జబ్బులేమైనా ఉన్నాయా, వెంకటమ్మ ఎట్లాంటి మనిషి, ఏనుగులు ఇంటికి ఎంత దూరం దాకా వస్తాయి. సరేనని నోరు తెరిచేలోపే రాణి అందుకుంది, టైపు మిషన్ మీదినుంచి కళ్ళెత్తకుండా.

"ఆర్నెల్లు కంపెనీకి. ఇంటికి మూడు చాలు."

అతను నవ్వాడు. రాణి చెవుల దాకా ఎర్రబడింది. నేను వేళ్ళ మీద లెక్క పెట్టుకున్నాను. మూడు నెలలంటే ధనుర్మాసంలో పడుతుంది, ముహూర్తాలుండవు.

నాలుగు చేద్దామన్నాను.