ఫ్లాస్కు రైలెక్కింది

శనివారం, ఒంటిపూట బడి. గంట ఇంకా మోగుతూనే ఉంది, తూనీగ అప్పుడే గేటు దాటేసింది.

తూనీగకి తొమ్మిదేళ్ళు. ఒకచోట రెండు నిమిషాలు వాలితే ఒట్టు. అందుకే నానమ్మ ఆ పేరు పెట్టింది. అసలు పేరు హాజరు పట్టీలో తప్ప ఇంకెక్కడా వినపడదు.

"అవి కాళ్ళా చక్రాలా? కాస్త ఆగవే," అంది వెనక నుంచి నత్త.

నత్త తూనీగ స్నేహితురాలు. దారిలో కనిపించిన ప్రతి బోర్డునీ పైనుంచి కింది దాకా చదివి గానీ కదలదు. ఈ ఇద్దరికీ స్నేహం ఎలా కుదిరిందో వాళ్ళ టీచరుకే అర్థం కాదు.

ఇవాళ తూనీగ తొందరకి కారణం ఉంది. రేపు పొద్దున్నే రైలెక్కి అమ్మ దగ్గరికి వెళ్ళాలి. అమ్మ నర్సు. ఈ ఏడాదే ఐదు గంటల ప్రయాణం దూరంలో పెద్దాసుపత్రిలో ఉద్యోగంలో చేరింది. రెండు నెలలకోసారి ఇంటికి వస్తుంది. రోజూ ఫోన్ చేస్తుంది గానీ, ఐదు నిమిషాలు కాకముందే అక్కడ ఎవరో "సిస్టర్" అని పిలుస్తారు. ఇంట్లో ఉన్నవన్నీ బటన్ల ఫోన్లు. వాటిలో మాట వస్తుంది, మొహం రాదు. అమ్మకి చెప్పాలనుకున్నవన్నీ తూనీగ రఫ్ నోట్సు వెనక పేజీల్లో రాసిపెట్టుకుంది. ఆ పేజీలు కూడా నిండిపోయాయి.

అన్నిటికంటే పెద్ద సంగతి మాత్రం రాసి చూపించేది కాదు. పైవరసలో ఒక పన్ను ఊగుతోంది. ఇంతవరకూ అమ్మ చూడకుండా తూనీగకి ఒక్క పన్నూ ఊడలేదు. అమ్మ వేలితో మెల్లగా కదిపి చూసి, "ఇంకో రెండ్రోజులు," అని జోస్యం చెప్పేది. ఆ మాట అన్నాకే పన్ను ఊడేది. ఇది కూడా అమ్మ చూడాలి. ఊడేలోపు చూడాలి. తూనీగ వారం రోజులుగా అన్నం కూడా ఒకవైపే నములుతోంది.

నాన్న టైలరు. "నా టికెట్ నేను చూసుకుంటా. నీ టికెట్‌కి నువ్వు కూడబెట్టగలవా?" అని అడిగాడు. ఎందుకు కూడబెట్టలేదు? రెండు నెలలు చొక్కాలకి గుండీలు కుట్టింది. చొక్కాకి ఇంత అని నాన్న ఇచ్చినదంతా రేకు డబ్బాలో వేసింది. నిన్నటికి టికెట్‌కి సరిపడా అయింది. ఈ సాయంత్రం నాన్నతో స్టేషన్‌కి వెళ్ళి టికెట్లు కొనడమే మిగిలింది. ఆ డబ్బాని ఇంట్లో వదల్లేక బ్యాగులో పెట్టుకుని బడికి తెచ్చేసింది.

సందు మలుపులో సామాన్ల కొట్టు ఉంది. దాని ముందు ఎర్రటి బోర్డు. 'ఈ ఒక్క రోజే! సగం ధర!' బోర్డు కింద ఒక ఫ్లాస్కు. లేత నీలం రంగు, తళతళలాడే స్టీలు మూత.

తూనీగ టక్కున ఆగిపోయింది. నీలం అమ్మకి ఇష్టమైన రంగు. డ్యూటీలో టీ తాగుదామనుకునేలోపు చల్లారిపోతోందని అమ్మ ఎప్పుడో ఫోన్లో అంది కూడా. ఇంకేముంది, తూనీగకి అంతా కళ్ళకి కట్టేసింది. అమ్మ ఫ్లాస్కులోంచి పొగలు కక్కే టీ వంచుకుంటోంది. "మా అమ్మాయి కొనిచ్చింది," అని అందరికీ చెప్పుకుంటోంది.

"ఇదొక్కటే మిగిలింది పాపా. రేపు రా అంటే ఉండదు," అన్నాడు కొట్టతను.

టికెట్ గుర్తు రాలేదా అంటే, వచ్చింది. కానీ ఫ్లాస్కు చేతిలో ఉన్నప్పుడు టికెట్ ఎక్కడో దూరంగా ఉన్నట్టు అనిపించింది. నాన్న ఎలాగో సర్దుతాడులే అనుకుంది. డబ్బా మూత తీసి బల్ల మీద బోర్లించింది. తిరిగొచ్చిన చిల్లర చూస్తే గుప్పెడు కూడా లేదు.

అప్పటికి నత్త కొట్టు దగ్గరికి చేరింది. గోడ మీది కాగితం చదవడం మొదలుపెట్టింది. "అమ్మిన సరుకు... వాపసు... తీసుకోబడదు. అబ్బ, ఎంత చిన్న అక్షరాలో." తర్వాత తూనీగ వైపు తిరిగింది. "నువ్వేమన్నా కొన్నావా?"

ఇంటి ముందు గదే నాన్న కొట్టు. కిటికీ పక్కన మిషను, మధ్యలో పెద్ద కత్తిరింపు బల్ల. మూలన కుర్చీలో నానమ్మ దారం ఉండలు విడదీస్తోంది. తూనీగ ఫ్లాస్కుని బల్ల మీద పెట్టి గుక్క తిప్పుకోకుండా సంగతంతా చెప్పింది.

నాన్న నవ్వుతాడనుకుంది. నాన్న మెడలోని టేపు తీసి పక్కన పెట్టాడు.

"నిన్ననే మిషను మోటారు బాగుచేయించానమ్మా. నా దగ్గర ఒక్క టికెట్‌కే ఉంది. ఇంకా ఉన్నదల్లా నానమ్మ మందులకి తీసిపెట్టిందే. అది తియ్యమంటావా?"

తూనీగ వద్దన్నట్టు తలూపింది. వెంటనే ఫ్లాస్కు పట్టుకుని కొట్టుకి పరిగెత్తింది. కొట్టతను తల అడ్డంగా ఊపాడు. గోడ మీది కాగితం వైపు వేలు చూపించాడు, అంతే.

చిన్నబోయిన మొహంతో తిరిగొచ్చింది. "ఆలస్యం అమృతం విషం అని నువ్వే చెప్పావుగా నానమ్మా," అంది. ఎవరి మీదో ఒకరి మీద కోపం రావాలి కదా.

"చెప్పాను. ఆ సామెతకి ఒక అక్క ఉందే పిచ్చిదానా. నిదానమే ప్రధానం. నువ్వు చెల్లెల్ని తోడు తీసుకెళ్ళి అక్కని ఇంట్లో వదిలేశావు," అంది నానమ్మ. అని, తూనీగ తలని పొట్టకి హత్తుకుంది.

"పోనీ నేనూ మానేస్తాను," అన్నాడు నాన్న.

అది మాత్రం కుదరదు. సోమవారం నుంచి కొత్త తెల్లకోట్లు వేసుకోవాలని ఆసుపత్రిలో చెప్పారట. అమ్మ కొలతలకి నాన్న కుట్టిన కోట్లు రెండూ ఇస్త్రీ చేసి సిద్ధంగా ఉన్నాయి.

"నువ్వెళ్ళు నాన్నా. అమ్మకి కోట్లు కావాలి కదా," అంది తూనీగ.

ఆదివారం పొద్దున్న నాన్న కోట్లూ ఫ్లాస్కూ సంచిలో పెట్టుకుని వెళ్ళాడు. గుమ్మం మెట్టు మీద కూర్చుని తూనీగ చూస్తూ ఉండిపోయింది. ఫ్లాస్కు రైలెక్కుతుంది. కిటికీ పక్కన కూర్చుంటుంది. అమ్మ ఒళ్ళో వాలుతుంది. తను మాత్రం ఇక్కడే ఉంటుంది. తూనీగకి జీవితంలో మొదటిసారి ఒక ఫ్లాస్కు మీద అసూయ పుట్టింది.

మధ్యాహ్నం అమ్మ ఫోన్ చేసింది.

"చాలా బాగుందే. కిటికీలో పెట్టుకున్నా. మీ నాన్న ఇచ్చినప్పటి నుంచీ దాన్నే చూస్తున్నా. కానీ దానికి మాటలు రావు కదే."

తూనీగ ఫోన్‌ని చెవికి ఇంకా గట్టిగా నొక్కుకుంది.

"పన్ను ఎలా ఉంది?"

"ఊగుతోంది."

"ఎంత?"

ఎంత అని చెప్తుంది? నోరు తెరిచి నాలుకతో పన్ను ఊపింది. అక్కడ అమ్మకి ఏమీ కనపడదని తెలిసి కూడా ఊపింది. ఇంతలో ఎవరో "సిస్టర్" అని పిలిచారు.

మంగళవారం పొద్దున రొట్టె కొరికితే పన్ను ఊడి చేతిలోకొచ్చింది. "ఊడిందా, పీడా వదిలింది," అంది నానమ్మ. తూనీగ మిషను వెనకాల కూర్చుని చాలాసేపు ఏడ్చింది. పన్ను ఊడినందుకు కాదు. అమ్మ రెండ్రోజులు అని చెప్పకుండానే ఊడినందుకు. తర్వాత పన్నుని కడిగి, గుండీల డబ్బాలో వేసి మూత పెట్టింది.

ఆ రోజు బడికి పరిగెత్తాలనిపించలేదు. నత్తతో పాటే నడిచింది. కొట్టు దగ్గర నత్త అలవాటు ప్రకారం ఆగింది. "ఈ ఒక్క రోజే," అని చదివింది. "అదేంటే, శనివారం కూడా ఈ ఒక్క రోజే కదా?"

బోర్డు కింద మూడు ఫ్లాస్కులు వరసగా ఉన్నాయి. అందులో ఒకటి లేత నీలం.

ఆ సాయంత్రం ఎవరిదో ఖరీదైన గుడ్డ బల్ల మీద పరిచి ఉంది. నాన్న సుద్దతో గీతలు గీశాడు. కత్తెర తీశాడు. మళ్ళీ పక్కన పెట్టేసి టీ గ్లాసు అందుకున్నాడు.

"గీయడం అయిపోయిందిగా నాన్నా. కత్తిరించవేం?"

"గీత తప్పైతే చెరిపితే పోతుంది. కత్తెర పడితే పోదు. అందుకని గీశాక ఒక టీ తాగుతా. తాగొచ్చి మళ్ళీ చూస్తా."

"చూస్తే తప్పు లేదనుకో?"

"టీ దక్కింది కదా," అన్నాడు నాన్న.

తూనీగ మళ్ళీ గుండీలు కుట్టడం మొదలుపెట్టింది. వచ్చే నెల అమ్మే వస్తుందనుకున్నారు. సెలవు దొరకలేదు. రోజులు జీళ్ళపాకంలా సాగాయి. రఫ్ నోట్సు అయిపోయి కొత్త నోట్సు వచ్చింది. ఊడిన పన్ను పక్క పన్ను మెల్లగా కదలడం మొదలైంది. తూనీగ మళ్ళీ ఒకవైపే నమలసాగింది.

ఏడు వారాలకి డబ్బా నిండింది. శనివారం మధ్యాహ్నం బడి నుంచి వస్తుంటే కొట్టు ముందు శాలువా వేలాడుతోంది. నీలం రంగు, మెత్తటి ఉన్ని. 'ఈ ఒక్క రోజే!' కిందటిసారి మాట్లాడినప్పుడు అమ్మ దగ్గుతోంది. ఆసుపత్రిలో ఏసీ చలి అంది.

తూనీగ ఇంటికి పరిగెత్తింది. డబ్బా తీసుకుని మళ్ళీ గుమ్మం దాకా వచ్చింది. దారిలో కత్తిరింపు బల్ల ఉంది. దాని మీద సుద్దముక్క ఉంది.

ఆగింది. డబ్బా పక్కన పెట్టి, సుద్ద తీసి బల్ల మీద గీయడం మొదలుపెట్టింది.

నాన్న కళ్ళద్దాల మీంచి చూశాడు. "ఏంటమ్మా అది?"

"శాలువా."

"కొలతలు ఎవరివి?"

"అమ్మవి. ఆగు నాన్నా, ఒక టీ తాగొచ్చి చూస్తా."

"టీ తాగే మొహం చూడు," అంది నానమ్మ. "పాలున్నాయి, తాగు."

తూనీగ పాలు తాగింది. ఒక్క గుక్కలో కాదు, మెట్టు మీద కూర్చుని మెల్లగా తాగింది. తాగుతూ పన్నుని నాలుకతో తోసి చూసుకుంది. లోపలికొచ్చి బల్ల ముందు నిలబడింది. శాలువా బాగానే గీసింది. చాలా ఇష్టంగా కూడా గీసింది. కాసేపు చూసి, అరచేత్తో మొత్తం తుడిచేసింది.

"నాన్నా, స్టేషన్‌కి వెళ్దాం పద," అంది.

మర్నాడు రైలు ఆగేసరికి అమ్మ ప్లాట్‌ఫామ్ మీద ఉంది. నాన్న కుట్టిన తెల్లకోటు వేసుకుని డ్యూటీ నుంచి తిన్నగా వచ్చేసింది. తూనీగ అమ్మ నడుముని చుట్టేసి, మొహం కోటులో దాచేసింది. మందుల వాసన, దాని వెనక అమ్మ వాసన.

"ఏం తెచ్చావే నాకు?" అంది అమ్మ నవ్వుతూ.

తూనీగ ఖాళీ చేతులు చూపించింది. "ఏమీ తేలేదమ్మా. నేనే వచ్చాను."

అమ్మ నవ్వు ఆగిపోయింది. అక్కడే, అంతమంది మధ్య మోకాళ్ళ మీద కూర్చుని తూనీగ మొహం రెండు చేతుల్లోకి తీసుకుంది. కళ్ళు తడిగా ఉన్నాయి.

తూనీగ నోరు తెరిచి ఖాళీ చూపించింది. "ఇది నువ్వు చూడలేదు. కానీ పక్కది ఊగుతోంది. చూడు."

అమ్మ వేలితో మెల్లగా కదిపింది. తల పక్కకి వంచి, కళ్ళు చికిలించి చూసింది. మళ్ళీ కదిపింది.

"ఇంకో రెండ్రోజులు," అంది.

రెండు నిమిషాలు దాటిపోయాయి. తూనీగ నోరు తెరుచుకుని, కదలకుండా అక్కడే నిలబడి ఉంది.